డిమెన్షియా పరిశోధనకు జన్యుమార్పిడి ఎలుకలు: జత కట్టించడం నుంచి మెదడు కోతల దాకా

మామూలు చిట్టెలుకకు ఎంత వయసు మీదపడినా అల్జీమర్స్ రాదు. ఆ జబ్బులో మెదడులో పేరుకునే ప్రొటీన్ ముక్క పేరు అమిలాయిడ్ బీటా. ఎలుకలో ఉండే దానికీ మనిషిలో ఉండే దానికీ మూడే మూడు అమైనో ఆమ్లాల్లో తేడా. ఆ కాస్త తేడా వల్లే అది గట్టిపడి ప్లేక్‌లుగా, అంటే గడ్డలుగా, పేరుకోదు. అందుకని మనిషి జన్యువును, అదీ కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే అల్జీమర్స్ తెచ్చే మార్పులున్న జన్యువును ఎలుకలోకి ఎక్కిస్తారు. అలాంటి రకాల్లో చాలా ల్యాబ్‌ల్లో కనిపించేది 5ఎక్స్‌ఫ్యాడ్. దాన్ని తెప్పించుకుని, పెంచి, పరీక్షించి, మెదడు తీసి కొలిచే దాకా చేయాల్సిన పనులు ఇవి.

ఒక మాట ముందే. జ్ఞాపకం పరీక్షించే మేజ్‌లో ఎలుక తడబడిందంటే అది మతిమరుపే కానక్కర్లేదు. కన్ను కనిపించకపోవచ్చు, కాళ్లు బలహీనపడి ఉండొచ్చు, రాత్రి పంజరంలో కొట్లాడి ఉండొచ్చు, అసలు మీరనుకున్న జన్యువే దానిలో లేకపోవచ్చు. కింది పనుల్లో సగం ఈ అనుమానాలను ఒక్కొక్కటిగా కొట్టేయడానికే.

ముందు ప్రశ్న, తర్వాత ఎలుక

5ఎక్స్‌ఫ్యాడ్‌ను అమెరికాలోని నార్త్‌వెస్ట్రన్ యూనివర్సిటీలో రాబర్ట్ వాసర్ బృందం తయారుచేసి 2006లో ప్రచురించింది. అమిలాయిడ్ బీటాకు మూలమైన ప్రొటీన్‌ను తయారుచేసే ఏపీపీ జన్యువులో మూడు మార్పులు (స్వీడిష్, ఫ్లోరిడా, లండన్), ఆ ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్‌లో భాగమైన ప్రిసెనిలిన్-1లో రెండు (ఎం146ఎల్, ఎల్286వీ), మొత్తం ఐదు. నెలన్నర వయసుకే నాడీకణాల లోపల అమిలాయిడ్ చేరుతుంది, రెండు నెలలకు ప్లేక్‌లు మొదలవుతాయి, తొమ్మిది నెలలకల్లా మెదడు పైభాగమైన కార్టెక్స్ ఐదో పొరలోనూ, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ పక్కనుండే సబిక్యులమ్‌లోనూ కణాలు రాలిపోవడం కనిపిస్తుంది. ఈ వేగమే దీని ఆకర్షణ. ఇబ్బంది కూడా ఈ వేగమే. ఐదు మార్పులూ ఒకేచోట ఉన్న మనిషి ఎక్కడా లేడు.

ప్లేక్‌ల చుట్టూ మైక్రోగ్లియా (మెదడులోని రక్షక కణాలు) ఏం చేస్తోంది, ఈ మందు అమిలాయిడ్‌ను తగ్గిస్తుందా లాంటి ప్రశ్నలకు ఇది సరిపోతుంది. అల్జీమర్స్‌లో నాడీకణాల లోపల ఏర్పడే టావ్ ప్రొటీన్ చిక్కులు కావాలంటే ఇది వద్దు, దీనిలో అవి ఏర్పడవు. టావ్‌కు పీ301ఎస్ మార్పున్న పీఎస్19 రకం చూడండి. కాకపోతే దానికి వయసు పెరిగేకొద్దీ వెనక కాళ్లు పడిపోతాయి కాబట్టి నడకతో ముడిపడ్డ పరీక్షలన్నీ తలనొప్పే. ఏపీపీ మోతాదుకు మించి తయారవడం వల్ల వచ్చే గందరగోళమే వద్దనుకుంటే జపాన్‌లోని రైకెన్‌లో తకావోమి సాయిదో బృందం 2014లో ప్రకటించిన నాక్-ఇన్ ఎలుకలున్నాయి. వాటిలో ఎలుక సొంత జన్యువునే మనిషి తరహాకు మార్చారు. మార్పులు మూడున్న ఎన్‌ఎల్-జీ-ఎఫ్ రకానికి రెండు నెలలకే ప్లేక్‌లు వస్తాయి. కానీ అందులోని ఆర్కిటిక్ మార్పు అమిలాయిడ్ బీటా రూపాన్నే మార్చేస్తుంది, కొన్ని యాంటీబాడీలు దాన్ని సరిగా పట్టుకోవు.

ఎలుకలో పనిచేసినది మనిషిలో పనిచేస్తుందన్న ధీమా ఎవరికైనా ఉంటే ఏఎన్1792 టీకా సంగతి గుర్తుచేయండి. 1999లో పీడీఏపీపీ అనే మరో జన్యుమార్పిడి రకం ఎలుకల్లో అమిలాయిడ్‌ను అద్భుతంగా ఆపిన ఆ టీకాను మనుషుల్లో మెదడువాపు కనిపించడంతో 2002లో నిలిపేశారు. ఎలుక చెప్పగలిగేది అమిలాయిడ్ గురించి. డిమెన్షియా గురించి అది చెప్పేది కొంచెమే. మీ ప్రశ్నను ఆ హద్దులోనే ఉంచండి.

అనుమతులు

భారత్‌లో అయితే రెండు కమిటీల సంతకం లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. మీ యానిమల్ హౌస్ జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ దగ్గర నమోదై ఉండాలి (పాత పేరు సీపీసీఎస్ఈఏ). మీ ప్రోటోకాల్‌ను సంస్థలోని జంతు నైతికతా కమిటీ, అంటే ఐఏఈసీ, ఆమోదించాలి. జన్యుమార్పిడి జంతువు కాబట్టి సంస్థ బయోసేఫ్టీ కమిటీ ఆమోదం విడిగా తీసుకోవాలి. దరఖాస్తు ఫారం-బి నింపేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ప్రయోగానికి కావలసిన ఎలుకల సంఖ్య మాత్రమే రాయడం. జత కట్టించే తల్లిదండ్రులు, జన్యువు లేకుండా పుట్టి మిగిలిపోయే పిల్లలు, శిక్షణకు వాడేవి కూడా లెక్కలోకి వస్తాయి. వాటిని మరిచిపోతే ప్రయోగం మధ్యలో మళ్లీ కమిటీ ముందుకు పోవాల్సి వస్తుంది. ఏ స్థితికి వస్తే ఎలుకను ఇక బాధపెట్టకుండా ప్రయోగంలోంచి తీసేస్తారో కూడా అంకెతో రాయండి: బరువు 20 శాతం తగ్గితే, తిండీ నీళ్లూ అందుకోలేకపోతే, అని.

ఆర్డర్‌లో ఒక్క అంకె

ల్యాబ్ ఎలుకలు అమ్మే జాక్సన్ లేబొరేటరీ నుంచి తెప్పించేటప్పుడు స్టాక్ నంబర్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. 034848 అంటే సీ57బీఎల్/6జే (వాడుకలో బ్లాక్ 6 జే) అనే ల్యాబ్ ఎలుక రకం నేపథ్యంలో ఉన్న 5ఎక్స్‌ఫ్యాడ్. 034840 అంటే అదే ట్రాన్స్‌జీన్ (ఎక్కించిన జన్యువు), కానీ బ్లాక్ 6, ఎస్‌జేఎల్ రకాల కలగలుపు నేపథ్యం. తేడా ఒక్క అంకె. ఎస్‌జేఎల్ వైపు నుంచి ఆర్‌డీ1 అనే రెటీనా లోపం వస్తుంది. దాని రెండు ప్రతులూ పడిన పిల్ల తల్లి పాలు మానేసే వయసుకే చూపు పోగొట్టుకుంటుంది. అలాంటి ఎలుకను నీటి మేజ్‌లో వేసి దానికి జ్ఞాపకం లేదని రాస్తే మొదటికే మోసం. పాత పత్రాలు చాలావాటిలో వాడినది కలగలుపు రకమే. కాబట్టి వాళ్లకు నాలుగైదు నెలలకే కనిపించిన లోపం బ్లాక్ 6 జేలో మీకు ఆలస్యంగా రావచ్చు, కంగారుపడకండి.

ఇప్పటికే కలగలుపు రకమే మీ దగ్గర ఉంటే పారేయనక్కర్లేదు. ఆర్‌డీ1కి కూడా పీసీఆర్ చేసి, రెండు ప్రతులున్న వాటిని పక్కన పెట్టండి.

జతకు వాడే వైల్డ్ టైప్ (ఎక్కించిన జన్యువు లేని మామూలు) ఆడ ఎలుకలు కూడా బ్లాక్ 6 జే అయి ఉండాలి, బ్లాక్ 6 ఎన్ కాదు. చూడ్డానికి రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి. ఎన్ రకంలో ఆర్‌డీ8 అనే మరో కంటి లోపముంది, జే రకంలో ఎన్‌ఎన్‌టీ అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. రెండూ కలిస్తే మీ కాలనీలో ఏది దేనివల్లో తేల్చలేరు. యానిమల్ హౌస్‌లో ‘బ్లాక్ 6’ అని మాత్రమే రాసిన పంజరం చూస్తే ఆగి అడగండి.

ఎన్ని ఎలుకలు, ఎన్ని జతలు

చాలామంది గుంపుకు 8 అంటారు, ఎందుకంటే పోయిన పత్రంలో 8 ఉంది. అలా కాదు. చిన్న సూత్రం ఉంది: రెండు గుంపుల సగటుల మధ్య తేడాను ప్రామాణిక విచలనంతో భాగించండి. వచ్చినదాన్ని వర్గం చేసి, దానితో 16ను భాగించండి. గుంపుకు కావలసిన ఎలుకల సంఖ్య సుమారుగా అదే (లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతం, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా).

మూడు దారులున్న వై-మేజ్‌లో ఎలుక దారి మార్చే శాతం కొలిస్తే (పద్ధతి కింద ఉంది) వైల్డ్ టైప్ సగటు 65 శాతం, 5ఎక్స్‌ఫ్యాడ్‌ది 55, విచలనం 10 అనుకోండి. తేడా 10, భాగిస్తే 1, గుంపుకు 16 కావాలి. ఇప్పుడు మీ మందు ఆ లోటులో సగమే పూడ్చిందనుకోండి. తేడా 5, భాగిస్తే అర, వర్గం పావు, గుంపుకు 64. ఒక ల్యాబ్‌కు అది జరిగే పని కాదు. అందుకే ప్రవర్తన పరీక్ష ఒక్కదానిమీదే మందు భవిష్యత్తు తేల్చే ప్లాన్ వేసుకోకండి. ప్లేక్ విస్తీర్ణం లాంటి కొలతల్లో తేడా సాధారణంగా పెద్దగా ఉంటుంది, వాటిని ముఖ్య ఫలితంగా పెట్టుకోండి.

ఒక సాధ్యమైన అమరిక: జన్యువు ఉన్నవి, లేనివి, మందు, ఉత్త ద్రావకం, ఆడ, మగ. ఎనిమిది గుంపులు, ఒక్కోదానిలో 12, మొత్తం 96. చనిపోయేవాటికి పదో వంతు కలిపితే 106. ఆడా మగా కలిపి చూస్తే మందు పడ్డ 5ఎక్స్‌ఫ్యాడ్‌లు 24, పడనివి 24, అంటే విచలనంలో 0.8 వంతు తేడా ఉంటే పట్టుకోగలరు. ఆడా మగా ఒకటే అనుకుని కలిపేయకండి. ఈ రకంలో ఆడవాటికి అమిలాయిడ్ ఎక్కువ, ముందుగా వస్తుంది. ఒక గుంపులో ఆడవి ఎక్కువ పడితే మీ ఫలితం దానంతట అదే వంకర తిరుగుతుంది.

ట్రాన్స్‌జీన్ ఒక్క ప్రతే ఉన్న మగదాన్ని వైల్డ్ టైప్ ఆడవాటితో జత కట్టించండి. తల్లి మామూలుదైతే పిల్లల పెంపకంలో తేడా రాదు. ఏపీపీ, ప్రిసెనిలిన్ రెండూ ఒకేచోట దూరాయి కాబట్టి కలిసే పోతాయి. పిల్లల్లో సగానికి వస్తుంది, సగానికి రాదు. ఆ రానివే మీ కంట్రోల్. బయట నుంచి కొన్న వైల్డ్ టైప్‌ను కంట్రోల్‌గా వాడకండి, ఒకే తల్లి కడుపున పుట్టినవే కావాలి. ఈతకు ఆరు పిల్లలు బతికి పెరుగుతాయనుకుంటే 106కు 18 ఈతలు. చూలు నిలవనివీ ఉంటాయి, అందుకని 12 మగవాటికి ఒక్కోదానికి రెండు చొప్పున 24 ఆడవాటిని ఒకే వారంలో పెట్టండి. చూలు 19 నుంచి 21 రోజులు. ఇలా చేస్తే వయసు తేడా వారం పది రోజులకు మించదు. రెండు మూడు నెలలపాటు ఈతలు పోగేస్తూ కూర్చుంటే, రెండు నెలలకు ప్లేక్‌లు మొదలయ్యే ఎలుకలో ఆ వయసు తేడా మీ మందు ప్రభావాన్ని మింగేస్తుంది.

మగవాటిని రెండు నెలల వయసు నుంచి వాడొచ్చు, ఆరు నెలలు దాటాక మార్చేయండి. అప్పుడప్పుడూ కొత్తగా తెప్పించిన బ్లాక్ 6 జేతో దాటిస్తూ ఉండండి, లేకపోతే మీ కాలనీ మెల్లగా మీ సొంత రకంగా మారిపోతుంది.

చెవి ముక్కతో జీనోటైపింగ్

21వ రోజు తల్లి నుంచి వేరుచేసేటప్పుడే చెవికి 2 మి.మీ. పంచ్ వేయండి. గుర్తూ అదే, శాంపిలూ అదే. రెండు పిల్లల మధ్య పంచ్‌ను ఇథనాల్‌లో ముంచి తుడవండి. ముందు పిల్ల చర్మం రవ్వంత అంటుకున్నా తర్వాతి పిల్ల జన్యువు ఉన్నదిగా కనిపిస్తుంది.

ముక్కను పీసీఆర్ ట్యూబులో వేసి 75 మైక్రోలీటర్ల క్షార ద్రావణం పోయండి: సోడియం హైడ్రాక్సైడ్ 25 మిల్లీమోలార్, ఈడీటీఏ 0.2 మిల్లీమోలార్. 95 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, ట్రిస్ 40 మిల్లీమోలార్, పీహెచ్ 5 ద్రావణం అంతే 75 మైక్రోలీటర్లు కలపండి. ముక్క పూర్తిగా కరిగిపోనక్కర్లేదు, డీఎన్ఏ బయటికొస్తే చాలు. దీన్నుంచి 2 మైక్రోలీటర్లు తీసి 20 మైక్రోలీటర్ల పీసీఆర్‌లో వేయండి. ప్రైమర్లు, ఉష్ణోగ్రతలు స్టాక్ వెంట వచ్చే ప్రోటోకాల్‌లో ఉంటాయి, అవే వాడండి.

పీసీఆర్ అయ్యాక డీఎన్ఏను జెల్ మీద నడిపితే ముక్కలు బ్యాండ్‌లుగా విడిపోతాయి. ప్రతి జెల్‌లో మూడు అదనపు గీతలుండాలి: జన్యువు ఉందని తెలిసినది, లేదని తెలిసినది, ఉత్త నీళ్లు. నీళ్ల గీతలో బ్యాండ్ వస్తే ఆ జెల్ మొత్తం చెత్తబుట్టకే. ఎలుక సొంత జన్యువు తాలూకు కంట్రోల్ బ్యాండ్ ప్రతి గీతలోనూ రావాలి. అది లేకుండా ట్రాన్స్‌జీన్ బ్యాండ్ కూడా లేకపోతే అది వైల్డ్ టైప్ కాదు, విఫలమైన పీసీఆర్. అలాంటప్పుడు ముక్క పెద్దదైపోయి ఉంటుంది. శాంపిల్‌ను పది రెట్లు పలచన చేసి మళ్లీ వేయండి. ఇంకొకటి, చాలామంది వదిలేసేది: చివర్లో మెదడు తీసే రోజు తోక కొన కూడా తీసి జీనోటైపింగ్ మళ్లీ చేయండి. ఆరు నెలల్లో పంజరాలు మారతాయి, చెవులు చిరుగుతాయి, కార్డులు తారుమారవుతాయి.

పంజరాల్లో జాగ్రత్తలు

గది 22 డిగ్రీలకు రెండు అటూ ఇటూ, తేమ 40 నుంచి 60 శాతం, 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి. పంజరానికి నాలుగైదు ఎలుకలు, జన్యువు ఉన్నవీ లేనివీ కలిపే. గూడు కట్టుకోవడానికి కాగితపు పీచు వేయండి. మగవాటిని వేరుచేసిన రోజు పెట్టిన గుంపునే చివరిదాకా ఉంచండి. మధ్యలో కొత్తదాన్ని కలిపితే కొట్లాటే. కొట్లాటతో ఒంటరిగా మిగిలిన మగది ఒత్తిడిలో ఉంటుంది, దాని ఫలితాన్ని గుర్తుపెట్టి విడిగా చూడండి.

రాత్రి చీకటి నిజంగా చీకటేనా అని కూడా చూడాలి. వాచ్‌మన్ లైట్, తలుపు సందులోంచి వచ్చే కారిడార్ ట్యూబ్‌లైట్, కరెంటు పోయి వచ్చాక మళ్లీ సెట్ అవని టైమర్, ఇవన్నీ నిద్రను చెడగొడతాయి. నిద్ర చెడితే జ్ఞాపకం దెబ్బతింటుంది, అమిలాయిడ్ కూడా పెరుగుతుంది. తలుపు మీద ఫిర్యాదుల కాగితం కంటే పంజరాల వరసలో ఒక చిన్న వెలుతురు లాగర్ నయం.

వారానికోసారి బరువు చూడండి. 5ఎక్స్‌ఫ్యాడ్‌లు వయసు పెరిగేకొద్దీ తోబుట్టువులకంటే బరువు తక్కువ అవుతాయి. మందు మోతాదు పాత బరువు మీద లెక్కేస్తే మెల్లగా ఎక్కువైపోతుంది.

మందు ఇచ్చేటప్పుడు

నెలన్నరకు మొదలుపెడితే అది నివారణ, నాలుగు నెలలకు మొదలుపెడితే చికిత్స. మనుషులు డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మెదడులో ప్లేక్‌లు నిండి ఉంటాయి కాబట్టి రెండోది కష్టమైనా నిజానికి దగ్గర. ఏదిచ్చినా, ఒక ఉచ్చు ఉంది. ఈ ఎలుకలో ట్రాన్స్‌జీన్‌ను నడిపేది థై1 ప్రమోటర్ అనే డీఎన్ఏ స్విచ్. మీ మందు ఆ ప్రమోటర్‌నే నొక్కేస్తే ఏపీపీ తయారీ తగ్గి, దానివల్ల ప్లేక్‌లు తగ్గుతాయి. కాగితం మీద అద్భుతం, మనిషికి ఉపయోగం సున్నా. అందుకే చివర్లో ప్రొటీన్ మోతాదు కొలిచే వెస్టర్న్ బ్లాట్‌తో పూర్తి నిడివి ఏపీపీ మోతాదు రెండు గుంపుల్లోనూ ఒకటేనని చూపించాలి.

ఏ పంజరానికి ఏ మందో రాసిన జాబితా ఇంకొకరి దగ్గర ఉండాలి. పరీక్ష చేసేవాళ్లకు కోడ్ నంబర్లు మాత్రమే కనిపించాలి.

వై-మేజ్

మొదట చేయాల్సింది ఎలుకలను మీ చేతులకు అలవాటు చేయడం. పరీక్షకు ముందు వరుసగా ఐదు రోజులు, ఒక్కోదాన్ని రెండేసి నిమిషాలు. తోక పట్టి ఎత్తకండి. ప్లాస్టిక్ గొట్టంలోకి నడిపించి గానీ, రెండు అరచేతుల్లో గానీ ఎత్తండి. తోక పట్టి ఎత్తిన ఎలుక బెదిరిపోయి మూలనే కూర్చుంటుంది, ఇక మీరు కొలిచేది భయాన్ని.

పరీక్షల వరస తేలికైనదాన్నుంచి కఠినమైనదానికి: ఖాళీ పెట్టెలో తిరగడం, వై-మేజ్, కొత్త వస్తువు గుర్తింపు, చివర్లో నీటి మేజ్. ధ్వనితో చేసే భయ పరీక్షలు వద్దు, బ్లాక్ 6 ఎలుకలకు వయసుతో వినికిడి తగ్గుతుంది.

వై-మేజ్‌కు మూడు చేతులు (దారులు), ఒక్కోటి సుమారు 35 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, మధ్య కోణం 120 డిగ్రీలు. ఎలుకలను అరగంట ముందే గదిలోకి తెచ్చి ఉంచండి. ఒక చేతి చివర వదిలి 8 నిమిషాలు వీడియో తీయండి. నాలుగు కాళ్లూ లోపల పడితేనే ఒక ప్రవేశం. వరుసగా మూడు ప్రవేశాలు మూడు వేర్వేరు చేతుల్లో ఉంటే అది ఒక మార్పిడి. ఉదాహరణకు ఎలుక వెళ్లిన వరస ఎ, బి, సి, ఎ, సి, బి, సి, ఎ, బి, ఎ అనుకోండి. ప్రవేశాలు 10, వాటిలో మూడేసి చొప్పున గుంపులు 8. ఎ-బి-సి సరే, బి-సి-ఎ సరే, సి-ఎ-సి కాదు, ఎ-సి-బి సరే, సి-బి-సి కాదు, బి-సి-ఎ సరే, సి-ఎ-బి సరే, ఎ-బి-ఎ కాదు. ఎనిమిదిలో ఐదు, అంటే 62.5 శాతం. ఆరోగ్యంగా ఉన్న ఎలుక 60 నుంచి 70 మధ్య ఉంటుంది. వెనక్కి తిరిగి వచ్చిన చేతిలోకే మళ్లీ వెళ్లకుండా మిగతా రెండింట్లో గుడ్డిగా ఎంచుకునే ఎలుకకు 50 వస్తుంది.

మొత్తం ప్రవేశాలు 10 కంటే తక్కువైతే ఆ ఎలుక శాతాన్ని నమ్మకండి. ఆ హద్దు పరీక్షకు ముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక కాదు. ఒక్కో ఎలుక తర్వాత 70 శాతం ఇథనాల్‌తో తుడిచి, ఆరేదాకా ఆగండి. తడి వాసన ఉంటే తర్వాతి ఎలుక ఆ చేతిని తప్పించుకుంటుంది.

నీటి మేజ్

రిచర్డ్ మోరిస్ 1981లో పెద్ద ఎలుకలకు పెట్టిన పరీక్ష ఇది. నీటి కింద దాగిన వేదిక ఎక్కడుందో గుర్తుపెట్టుకుని ఎలుక ఈదుకుంటూ చేరాలి. చిట్టెలుకకు 120 సెం.మీ. వ్యాసం ఉన్న తొట్టి, 10 సెం.మీ. వేదిక, అది నీటికి ఒక సెం.మీ. కింద. విషం కాని తెల్ల పోస్టర్ రంగు కలిపి నీటిని తెల్లగా చేయండి. పాలపొడి వద్దు, మూడో రోజుకు గది కంపు కొడుతుంది.

నీటి వేడి 21, 22 డిగ్రీలు. హైదరాబాద్‌లో మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్లు నేరుగా పడితే అది గోరువెచ్చని స్నానం. ఎలుకకు బయటపడాలన్న తొందరే ఉండదు, తాపీగా తేలుతుంది. ఐస్ కలిపి, థర్మామీటర్ చూసి మొదలుపెట్టండి, ప్రతి నాలుగు ఎలుకలకు మళ్లీ చూడండి. 19కి దిగితే ఒళ్లు చల్లబడి ఈత మందగిస్తుంది, అదీ మతిమరుపులాగే కనిపిస్తుంది.

రోజుకు నాలుగు ట్రయల్స్, ఒక్కోటి 60 సెకన్లు, వేర్వేరు వైపుల నుంచి, ఐదారు రోజులు. 60 సెకన్లలో వేదిక దొరక్కపోతే మెల్లగా అక్కడికి నడిపించండి. దొరికినా దొరక్కపోయినా 15 సెకన్లు వేదిక మీద కూర్చోనివ్వండి, అది చుట్టూ చూసి నేర్చుకునేది అప్పుడే. తీసిన వెంటనే టవల్‌తో తుడిచి వెచ్చటి పంజరంలో పెట్టండి. ఆఖరి శిక్షణ అయిన 24 గంటలకు వేదిక తీసేసి 60 సెకన్లు వదలండి. అది ఉండిన పావు భాగంలో ఎంతసేపు తిరిగిందో కొలవండి. పావు వంతు, అంటే 15 సెకన్లు, ఊరికే తిరిగినా వస్తుంది.

దానితో అయిపోలేదు. మరుసటి రోజు వేదికను నీటిపైకి లేపి దానిమీద జెండా పెట్టి మళ్లీ ఈదించండి. కనిపిస్తున్న వేదిక దగ్గరికి కూడా వెళ్లలేని ఎలుకకు లోపం కంటిలోనో కాళ్లలోనో ఉంది. దాన్ని జ్ఞాపకం లెక్కలోంచి తీసేయండి. ఈత వేగం కూడా పోల్చండి. 5ఎక్స్‌ఫ్యాడ్‌కు తొమ్మిది నెలలకు కండరాల పట్టు తగ్గుతుంది. అందుకే ఆరు నెలల చుట్టూ ఈ పరీక్ష పెట్టుకోవడం మంచిది. వేదికకు చేరడానికి పట్టిన సమయం కంటే ఈదిన దూరం నమ్మదగ్గ కొలత, మెల్లగా ఈదేదాన్ని అది శిక్షించదు.

మెదడు తీసే రోజు

మత్తుకు కెటమిన్ కిలోకు 100 మి.గ్రా., జైలజీన్ కిలోకు 10 మి.గ్రా., పొట్ట కుహరంలోకి ఇంజెక్షన్. 25 గ్రాముల ఎలుకకు 2.5 మి.గ్రా., 0.25 మి.గ్రా. కాలి వేలు గట్టిగా నొక్కితే కాలు లాగకూడదు. లాగితే ఆగండి, తొందరపడకండి. ఛాతీ తెరిచి గుండె ఎడమ జఠరికలోకి సూది గుచ్చి, కుడి కర్ణిక చిన్నగా కత్తిరించి, చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణం (మి.లీ.కు 10 యూనిట్ల హెపారిన్‌తో) నిమిషానికి 5 మి.లీ. చొప్పున 20 నుంచి 30 మి.లీ. పోనివ్వండి. కాలేయం పాలిపోతే సరిగా పోతున్నట్టు. ముక్కులోంచి నీరు కారి ఊపిరితిత్తులు ఉబ్బితే సూది గోడ దాటి అటువైపు దూరింది, కొంచెం వెనక్కి లాగండి.

ఒకే మెదడును కోతలకూ రసాయన కొలతలకూ వాడాలంటే ఫార్మాల్డిహైడ్ ఎక్కించకూడదు. పీబీఎస్‌తో కడిగి, మెదడును నడిమికి కోయండి. ఒక సగం 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 4 డిగ్రీల దగ్గర 24 గంటలు, తర్వాత 30 శాతం సుక్రోజ్‌లో అడుగుకు మునిగేదాకా. రెండో సగంలోంచి హిప్పోకాంపస్, కార్టెక్స్ విడదీసి ద్రవ నైట్రోజన్‌లో వేసి మైనస్ 80లో పెట్టండి. అన్ని ఎలుకలకూ ఎడమ సగమా కుడి సగమా అన్నది ముందే తేల్చుకుని మార్చకండి.

కోతలు, రంగులు, కొలతలు

30 మైక్రాన్ల కోతలు. ఆరు గుంటల ప్లేట్ పెట్టుకుని మొదటి కోత మొదటి గుంటలో, రెండోది రెండో దానిలో, ఏడోది మళ్లీ మొదటి దానిలో. ఇలా చేస్తే ఒక్కో గుంట మొత్తం హిప్పోకాంపస్‌కు నమూనా, కోతకూ కోతకూ మధ్య 180 మైక్రాన్లు. ఒక గుంటతో ఒక రంగు వేయండి.

గట్టి ప్లేక్‌లకు థయోఫ్లావిన్-ఎస్ 1 శాతం, వడకట్టి, 8 నిమిషాలు. తర్వాత 80 శాతం ఇథనాల్‌లో రెండుసార్లు కడగండి. అది ఆకుపచ్చగా వెలుగుతుంది కాబట్టి మైక్రోగ్లియాకు వేసే ఐబా1 యాంటీబాడీని ఎరుపులో పెట్టండి. మొత్తం అమిలాయిడ్‌కు అందరూ వాడే 6ఈ10 ఎలుకలో తయారైన యాంటీబాడీ. ఎలుక మెదడు మీద వేసినప్పుడు సెకండరీ యాంటీబాడీ (మొదటిదాన్ని పట్టుకుని వెలిగేది) అక్కడున్న ఎలుక యాంటీబాడీలనంతా పట్టుకుని తెర మొత్తం మసకగా వెలిగిస్తుంది. కుందేలులో తయారైన యాంటీబాడీ వాడండి, లేదా దీనికోసమే అమ్మే బ్లాకింగ్ కిట్ వాడండి. 6ఈ10 ఏపీపీని కూడా పట్టుకుంటుంది, కాబట్టి కణాల లోపల వెలిగిందల్లా అమిలాయిడ్ అని రాయకండి.

అన్ని గుంపుల కోతలకూ ఒకే రోజు, ఒకే బ్యాచ్ రంగు. మైక్రోస్కోప్ ఎక్స్‌పోజర్ ఒకటే. బొమ్మలు కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో త్రెషోల్డ్ (ఎంత వెలుగు దాటితే ప్లేక్ అనే హద్దు) ఒకసారి పెట్టి అన్నిటికీ అదే వాడండి. ఒక్కో బొమ్మకు ‘కంటికి బాగున్నట్టు’ సర్దితే ఫలితం మీ కోరిక చెప్పిందే.

అమిలాయిడ్ ఎంతుందో యాంటీబాడీలతో కొలిచే ఎలైసాకు కణజాలం బరువుకు పది రెట్లు చల్లటి ట్రిస్ బఫర్, ప్రొటియేజ్ నిరోధకం కలిపి. లక్ష జీ వేగంతో గంటసేపు తిప్పితే పైన కరిగే అమిలాయిడ్, అడుగున ముద్ద. ముద్దను 5 మోలార్ గ్వానిడిన్‌లో మూడు నాలుగు గంటలు కరిగించండి. గ్వానిడిన్ 0.1 మోలార్ కంటే తక్కువకు దిగకపోతే ఎలైసా యాంటీబాడీలే దెబ్బతింటాయి, అంటే కనీసం 50 రెట్లు పలచన. ఆరు నెలల 5ఎక్స్‌ఫ్యాడ్‌కు అంతకంటే ఎన్నో రెట్లు కావాలి. అన్ని శాంపిళ్లూ పోసేముందు రెండు శాంపిళ్లతో పలచన వరస వేసి చూసుకోండి, లేకపోతే ప్లేట్ మొత్తం గరిష్ఠాన్ని తాకి వృథా అవుతుంది.

లెక్క వేసేటప్పుడు

ఒక్కో ఎలుక నుంచి ఎనిమిది కోతలు కొలిచి, 12 ఎలుకలకు 96 సంఖ్యలు వచ్చాయని ఎన్ 96 అని రాయకండి. ఎన్ 12. కోతల సగటు తీసి ఎలుకకు ఒకే అంకె పెట్టండి, లేదా మిశ్రమ గణాంక నమూనాలో (మిక్స్‌డ్ మోడల్) ఎలుకను విడి స్థాయిగా చూపండి. ఒకే ఈత పిల్లలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, కాబట్టి ఈత సంఖ్య కూడా నమూనాలోకి రావాలి. కనీసం ఒకే ఈత మొత్తం ఒకే మందు గుంపులో పడకుండా చూడాలి. రాసేటప్పుడు జంతు ప్రయోగాలను ఎలా నివేదించాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాల 2020 రూపం పక్కన పెట్టుకుని, స్టాక్ నంబర్, నేపథ్యం, ఆడా మగా సంఖ్య, తీసేసిన ఎలుకలు, తీసేసిన కారణం అన్నీ రాయండి. ‘5ఎక్స్‌ఫ్యాడ్ ఎలుకలు వాడాం’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన పత్రాన్ని ఇంకో ల్యాబ్ మళ్లీ చేయలేదు.

మిగిలిన కళేబరాలు పసుపు సంచిలోకి. జన్యుమార్పిడి జంతువు అని చీటీ అంటించి, దహనానికే పంపాలి. వాడిన పారాఫార్మాల్డిహైడ్‌ను సింకులో పోయకుండా విడి డబ్బాలో పోసి, తారీఖు రాసి, రసాయన వ్యర్థాల వాళ్లకు ఇవ్వండి. వాడని గుంటల్లోని కోతలను గ్లిజరాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఒక్కోటి 30 శాతం ఉన్న బఫర్‌లో మైనస్ 20లో పెట్టి, ప్లేట్ మూత మీద కాకుండా ప్లేట్ పక్కనే ఎలుక కోడ్ రాయండి. మూతలు మారిపోతాయి.